మామయ్య గురించి నాలుగు మాటలు

మా మేనమామ కాలం చేశాక, పెద్దకర్మ నాడు భోజనాలకు ముందు జరిగే సంస్మరణ సభలో ఆయన గురించి మాట్లాడే బాధ్యతను కుటుంబం నాకు అప్పగించింది. "రాయడం అలవాటున్నదానివి, మామయ్య గురించి నాలుగు మాటలు నువ్వే చెప్పు" అని పెద్దబావ అన్నాడు. ఆ నాలుగు మాటలు ఎలా సమకూరాయో వివరంగా రాయాలని ఇప్పుడు అనిపిస్తున్నది. ఇలాంటి బాధ్యత ఎప్పుడో ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి మీద పడుతుంది. పడిన రోజున ఆలోచించుకునే తీరిక గాని, ఆలోచన నిలిచే స్తిమితం గాని ఉండవు.

మన సంస్మరణ సభల తీరు అందరికీ తెలిసినదే. ఇంటి ముందు షామియానా, కుర్చీలో దండ వేసిన ఫొటో, పక్కన ఒక మైకు. బంధువుల్లో పెద్దవారు, ఊళ్లో పేరున్నవారు ఒక్కొక్కరుగా లేచి పోయినవారు స్నేహశీలి అనీ, మృదుస్వభావి అనీ, అజాతశత్రువు అనీ, వారు లేని లోటు తీరనిది అనీ చెప్పి, ఆత్మకు శాంతి కలగాలని కోరి కూర్చుంటారు. అవి అబద్ధాలని నేను అనను. అనేవారి మనసులో గౌరవం నిజంగానే ఉంటుంది, దుఃఖంలో ఉన్నవారికి ఆ నాలుగు ముక్కలూ కొంత ఊరటనిస్తాయి. అయితే ఆ మాటలను పక్కవీధిలో పోయిన మరొకరికి కూడా అక్షరం మార్చకుండా చెప్పవచ్చు. మా మామయ్య విషయంలో అలా జరగడానికి నా మనసు ఒప్పుకోలేదు. దానికి ఆయన వృత్తే ఒక కారణం.

ఆయన విజయవాడ గవర్నరుపేటలో ఒక అచ్చు ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేశారు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చే పని అది. ఇంగ్లీషుకైతే పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు ఉంటే చాలు. తెలుగుకు గుణింతాలన్నీ కావాలి, వాటికి తోడు ఒత్తులన్నీ కావాలి, కాబట్టి తెలుగు కేసుల్లో, అంటే అక్షరాలు ఉంచే పెట్టెల్లో, గళ్లు వందల్లో ఉండేవి. ఆయన వాటి వైపు చూడకుండానే కుడిచేత్తో కావలసిన అక్షరాన్ని తీసి, ఎడమచేతిలో పట్టుకునే, అక్షరాల వరుస పేర్చే చిన్న పళ్లెం లాంటి స్టిక్‌లో అమర్చేవారు. అచ్చులో అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉంటాయి గనుక తలకిందులుగా చదవడం ఆయనకు సహజమైపోయింది. ఎదుటి మనిషి పట్టుకున్న పేపరును ఇవతలి వైపు నుంచే చదివేసేవారు. పని మానేసిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా, ఏదైనా దీర్ఘంగా మాట్లాడుతున్నప్పుడు ఆయన ఎడమచెయ్యి నడుము ఎత్తున అరచెయ్యి పైకి ఉండేలా వంగి ఉండేది, బొటనవేలు గాలిలో దేన్నో నొక్కిపట్టి ఉండేది. స్టిక్‌లో వరుస జారిపోకుండా బొటనవేలితో ఆపిపట్టడం కంపోజిటర్ల అలవాటు.

ఆ ప్రెస్సుకు పుస్తకాలతో పాటు పెళ్లి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కర్మ కార్డులు వంటి జాబు పని కూడా వచ్చేది. వాటిలో కర్మ కార్డు మేటరును, అంటే పేర్చిన అక్షరాల కట్టను, అచ్చయిన తర్వాత విప్పేవారు కాదని మామయ్య చెప్పేవారు. పురికొసతో గట్టిగా కట్టి ఒక పక్కన పెట్టేవారు. మళ్లీ ఎవరైనా వస్తే పేరు, తిథి, వారం, ఇంటి చిరునామా మాత్రం మార్చి అదే మేటరును మిషను ఎక్కించేవారు. దుఃఖంలో ఉన్నవారిని కాచుకోనివ్వకూడదు గనుక ప్రెస్సువారి పద్ధతి సమంజసమైనదే. కార్డు పని కబురు చేరవేయడం వరకే. పసుపు పూయని ఆ కార్డును చదివినవారు ఇంట్లో దాచుకోరు కూడా. సభలో చెప్పే మాట అటువంటిది కాదు. పేరూ తేదీ మార్చి మళ్లీ వాడుకోగలిగిన ప్రసంగంలో పోయిన మనిషి ఎక్కడా ఉండడు.

కర్మకాండకు తన పని తనకున్నది. పదో రోజు ధర్మోదకాలు విడిచినప్పుడైనా, పన్నెండో రోజు సపిండీకరణంలోనైనా మంత్రం పోయినవారిని పేరుతో, గోత్రంతో మాత్రమే పిలుస్తుంది. తండ్రిని వసురూపుడని, తాతను రుద్రరూపుడని, ముత్తాతను ఆదిత్యరూపుడని తలుచుకుంటుంది. ఆ మనిషి ఎటువంటివాడో, ఎవరికి ఏం చేశాడో అక్కడ ప్రస్తావనకు రాదు. రాజుకైనా పేదకైనా అదే మంత్రం కావడంలో ఒక సమత్వం ఉన్నదని నా నమ్మకం. మంత్రం వదిలిపెట్టిన ఆ భాగాన్ని చెప్పవలసింది మనుషులే.

నిజానికి మన దగ్గర ఆ భాగాన్ని చెప్పేవారు మొదటి నుంచీ ఉన్నారు. చావింట్లో శోకాలు పెట్టి ఏడ్చే ఆడవాళ్లు చేసేది అదే. పట్నవాసంలో అది తగ్గిపోయింది, కొందరు దాన్ని మొరటుతనంగా కూడా చూస్తారు. కానీ శోకం పెట్టేటప్పుడు వాళ్లు ఏమంటారో ఒక్కసారి శ్రద్ధగా వినాలి. మామయ్య పోయిన రోజున మా ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, వరసకు ఆయనకు చెల్లెలు, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని రాగం తీస్తూ, "నా పెళ్లికి బస్సు తప్పితే పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచొచ్చావు అన్నయ్యా, నా బిడ్డకు పేరు నీ చేత్తో పలక మీద రాశావు అన్నయ్యా, ఇప్పుడు నా పేరు పెట్టి పిలిచేదెవరు అన్నయ్యా" అని ఏడ్చింది. అందులో మంచివాడన్న మాట లేదు, గొప్పవాడన్న మాటా లేదు. పెట్టె ఉంది, బస్సు ఉంది, పలక ఉంది. పది రోజుల తర్వాత మైకు పట్టుకునే మగవాళ్లకు దొరకనిది, ఆ మొదటి గంటలో ఆవిడకు వెతుక్కోకుండానే దొరికింది. సభలో నేను చెప్పబోయే మాట షామియానా కింద వినిపించే ప్రసంగాలకు కాకుండా ఆ శోకానికి దగ్గరగా ఉండాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఇది చదువురానివారి పద్ధతి అనుకోనక్కరలేదు. 1529లో శ్రీకృష్ణదేవరాయలు మరణించిన తర్వాత అల్లసాని పెద్దన చెప్పినట్టుగా ప్రసిద్ధమైన చాటుపద్యం తెలుగు చదువుకున్నవారిలో చాలామందికి నోటికి వచ్చు. దిగ్విజయాలు చేసిన చక్రవర్తిని గురించి చెబుతున్న ఆ పద్యంలో ఒక్క యుద్ధం కూడా లేదు. దారిలో ఎదురైతే రాజు తన ఏనుగును నిలిపి, చేయూతనిచ్చి కవిని ఎక్కించుకోవడం ఉంది. కావ్యాన్ని అందుకున్న వేళ పల్లకిని తన చేత్తో పట్టి ఎత్తడం ఉంది. కవిని సన్మానించే కాలి కడియమైన గండపెండేరాన్ని తానే కవి పాదానికి తొడగడం ఉంది. అడిగిన చోట కోకట మొదలైన అగ్రహారాలు ఇవ్వడం, ఆంధ్ర కవితా పితామహా అని నోరారా పిలవడం ఉన్నాయి. ఆ తర్వాత, అటువంటి రాయలతో పాటు స్వర్గానికి పోలేక జీవచ్ఛవంలా బతికి ఉన్నానన్న దుఃఖం ఉంది. రాజు ఎంతటివాడో చెప్పడానికి కవి ఆయన చేతులను చూపించాడు, ఆ చేతులు చేసిన పనులను చెప్పాడు. మా ఊరి పెద్దావిడ శోకానికీ ఈ సీసపద్యానికీ నడుమ ఛందస్సు తప్ప మరో తేడా నాకు కనిపించదు.

ప్రసంగానికి కావలసిన సరుకు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు సమాధానం కూడా మన ఆచారంలోనే ఉంది. ఆ పది రోజులూ పరామర్శకు మనుషులు వస్తూనే ఉంటారు. వచ్చినవారు కాసేపు మౌనంగా కూర్చుంటారు, ఎలా పోయారని అడుగుతారు, ఆ తర్వాత తప్పకుండా తమకూ పోయినవారికీ నడిచిన ఏదో ఒక సంగతి చెబుతారు. ఇంట్లోవాళ్లు కర్మకు కావలసిన సామాన్లు, వంటవాళ్లు, బంధువుల బసల ఏర్పాట్లలో తలమునకలై ఉంటారు గనుక ఆ సంగతులు చెప్పినచోటే చెదిరిపోతాయి. నేను ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకున్నాను. ఎవరి ఎదుటా రాయలేదు, అది మర్యాద కాదు. వారు లేచి వెళ్లిన తర్వాత విన్నదాన్ని విన్నట్టుగా, వీలైనంతవరకు వారి మాటల్లోనే రాసుకున్నాను. విదేశాల్లో ఉన్న పిల్లలను తమకు గుర్తున్న ఒక్క సంగతి ఫోనులో రికార్డు చేసి పంపమని అడిగాను. మామయ్య ఎలాంటివారని అడిగితే అందరూ మంచివారనే చెబుతారు. ఆయన మీకోసం ఎప్పుడైనా ఏదైనా చేశారా, ఆయనకు కోపం ఎప్పుడు వచ్చేది, ఆఖరిసారి కలిసినప్పుడు ఏం మాట్లాడారు అని అడిగితే మనిషి కళ్ల ముందుకు వస్తాడు.

అలా వచ్చిన సంగతుల్లో ఒకటి ఆయన పిల్లలకు కూడా తెలియదు. పరామర్శకు వచ్చిన ఒకామె తానెవరో చెప్పుకుని, తన పెళ్లి శుభలేఖ మామయ్య పనిచేసిన ప్రెస్సులోనే అచ్చయిందన్నది. ముహూర్తం తెల్లవారుజామున రెండు దాటిన తర్వాత. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా బుధవారమే, గడియారం లెక్కలో అర్ధరాత్రి దాటగానే గురువారం. అందుకే శుభలేఖల్లో బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం అని వేయడం వాడుక. వాళ్లు రాసిచ్చిన కాగితంలో ఒట్టి గురువారం అని మాత్రమే ఉన్నదట. చదివినవాళ్లు గురువారం రాత్రికి బయలుదేరి వస్తే, అప్పటికి పెళ్లి అయిపోయి ఒక పగలు గడిచిపోయి ఉంటుంది. రాసిచ్చింది రాసిచ్చినట్టు కూర్చడమే కంపోజిటరు పని, తప్పు ఉంటే అది ఇచ్చినవారిదే అవుతుంది. మామయ్య ఆ కార్డును మిషను ఎక్కించనివ్వకుండా ఆపించి, రాత్రి వానలో సైకిలు మీద కాలువ అవతల ఉన్న వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, తలుపు కొట్టి, పెళ్లికూతురి తండ్రిని లేపి, ముహూర్తం ఏ రాత్రిదో రూఢి చేసుకుని వచ్చారట. "మా నాన్నగారు బతికున్నన్నాళ్లూ నా పెళ్లికి జనం వచ్చారంటే ఆ సైకిలాయన పుణ్యమేనని చెప్పేవారమ్మా" అన్నది ఆమె. మామయ్య ఎన్నడూ ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. దాన్ని చెప్పుకోదగిన విషయంగా ఆయన భావించి ఉండరు.

ప్రసంగం ఎక్కడ మొదలుపెట్టాలో ఆమె మాటలతో తేలిపోయింది. ఎక్కడ పుట్టారు, ఎంతవరకు చదివారు, ఎంతమంది సంతానం అన్న వివరాలన్నీ కార్డులో ఉన్నాయి, వచ్చినవారికి తెలుసు కూడా. వేదిక మీది పెద్దలకు నమస్కారాలు కూడా ఒక్క వాక్యంలో ముగించి, నేరుగా ఆ వానరాత్రి దగ్గర మొదలుపెట్టాను.

మామయ్య దగ్గర కుర్రతనంలో పని నేర్చుకున్నతను ఇప్పుడు సొంతంగా డీటీపీ సెంటరు నడుపుతున్నాడు. గురువుగారికి ఫ్లెక్సీ తానే చేస్తానని పట్టుబట్టి, దాని మీద ఏం రాయమంటారని అడగడానికి వచ్చాడు. మీ ఆశయాలే మాకు ఆదర్శం అన్న వాక్యం అతని కంప్యూటరులో సిద్ధంగానే ఉంది. అతనే కాసేపు ఆగి, "ఇది పెడితే గురువుగారు ఊరుకుంటారా అమ్మా" అన్నాడు. ఫొటో కింద పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, వాటి కింద కంపోజిటర్ అన్న మాట మాత్రం వేయమన్నాను. అక్షరాలు మాత్రం మామయ్య పాత పుస్తకాల్లోని అచ్చుకు దగ్గరగా ఉన్న ఫాంటులో ఉండాలని అతను తానే శ్రమపడి వెతికి పెట్టాడు. పని నేర్చుకునే రోజుల్లో ఒత్తు తప్పుగా కూర్చినప్పుడు మామయ్య తిట్టేవారు కాదనీ, ఆ అక్షరాన్ని తీసి అరచేతిలో పెట్టి, సరైనది దొరికేదాకా పిడికిలి విప్పవద్దనేవారనీ అతను చెప్పాడు. దాన్ని కూడా ప్రసంగంలో చేర్చాను.

చర్చ వచ్చింది మరొక విషయం దగ్గర. కంప్యూటర్లు, ఆఫ్‌సెట్ వచ్చాక ఆ ప్రెస్సు మూతపడింది. సీసపు అక్షరాలను తూకానికి అమ్మేశారు. ఆ తర్వాత కొన్నేళ్లు మామయ్య మనిషిలా లేరు. వేరే పనికి వెళ్లలేదు, ఎవరైనా వెళ్లమంటే విరుచుకుపడేవారు, పిల్లలతో కూడా ముక్తసరిగా మాట్లాడేవారు. ఆ ఏళ్లు ఇల్లు గడిచింది అత్తయ్య కుట్టుమిషను మీద. ఈ సంగతి సభలో చెప్పాలా వద్దా అన్నది ప్రశ్న. పోయినవారి గురించి పదిమందిలో అలాంటివి ఎందుకని పెద్దబావ అన్నాడు, అతని బాధ నాకు అర్థమైంది. నా అభిప్రాయం మాత్రం వేరు. ఆ మనిషికి తన పని ఎంతటిదో ఆ చీకటి ఏళ్లను బట్టే తెలుస్తుంది. వాటిని తీసేస్తే అత్తయ్య పడిన శ్రమ కూడా కథలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. అయితే ఈ విషయంలో నిర్ణయించవలసింది నేనూ కాదు, బావా కాదు.

గదిలో ఒక మూల కూర్చుని ఉన్న అత్తయ్య దగ్గరికి వెళ్లి, రాసినదంతా చదివి వినిపించాను. అప్పటిదాకా ఆమెను ఏం చెప్పాలని గాని, ఏం చెప్పవద్దని గాని ఎవరూ అడగలేదు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. యాభై ఏళ్లు కలిసి బతికిన మనిషిని మూల కూర్చోబెట్టి, ఏడాదికొకసారి కలిసేవారికి మైకు ఇస్తారు. అత్తయ్య అంతా విని, "చెప్పవే. ఆ రోజుల్లోనూ ఆయన ఆయనే. కానీ అన్నం పెట్టలేకపోయారని మాత్రం అనకు. నేను కుట్టిన జాకెట్లన్నిటికీ గుండీలు, హుక్కులు ఆయనే కుట్టి ఇచ్చేవారు, ఆ వేళ్లకు ఊరికే ఉండటం చేతకాదు" అన్నది. ఆ మాట విన్న తర్వాత పెద్దబావ అభ్యంతరం చెప్పలేదు. నేను రాసుకున్న మొత్తం పేరా కొట్టేసి, అత్తయ్య మాటలనే ఆమె పేరు మీద పెట్టాను. ఇంట్లోవారి మనసు నొప్పించగల సంగతి ఏదైనా ఉంటే, దాన్ని అందరికంటే దగ్గరివారికి ముందుగా వినిపించి, వారు ఒప్పుకున్న మాటల్లోనే చెప్పాలి. ఒప్పుకోకపోతే వదిలేయాలి. అది సభ, విచారణ కాదు.

పోయినవారి గురించి మాట్లాడాలా, పోయినవారితో మాట్లాడాలా అన్న విషయంలో కూడా కొంత తర్జనభర్జన పడ్డాను. శోకం ఎప్పుడూ పోయినవారితోనే మాట్లాడుతుంది. శ్రీశ్రీ కూడా తన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావు కోసం రాసిన కవితలో అతణ్ణి నేస్తం అని పిలుస్తూ నేరుగా అతనితోనే మాట్లాడాడు. కవిత్వంలో, ఏడుపులో అది నప్పుతుంది. షామియానా కింద కూర్చున్న వందమందికి ఆయనను చూపించాలంటే ఆయన అనే చెప్పాలి. మొదటి నుంచి చివరిదాకా మామయ్యా మామయ్యా అంటూ మాట్లాడితే వినేవారు పరాయివాళ్లైపోతారు, నా గొంతు కూడా నిలవదు. కాబట్టి ప్రసంగమంతా ఆయన గురించి చెప్పి, ఆఖరి రెండు వాక్యాలు మాత్రం ఆయనతో చెప్పాను. ఆ రెండు వాక్యాలను ఇక్కడ రాయను.

ఇక చదవడం సంగతి. నింపాదిగా చదివితే తెలుగులో నిమిషానికి నూరు మాటలకు అటూ ఇటూగా సాగుతుంది. ఐదారు నిమిషాలకు మించితే, పొద్దుటి నుంచి కర్మ దగ్గర కూర్చున్నవారు అలసిపోతారు. కాబట్టి ఐదారువందల మాటలు చాలు. నోటు పుస్తకంలో అంతకు ఎన్నో రెట్ల సంగతులు ఉన్నా, నాలుగింటిని ఎంచుకుని మిగతావి పక్కన పెట్టాను. ఫోను చూస్తూ చదవకూడదనుకున్నాను, మధ్యలో ఎవరో ఒకరు ఫోను చేస్తారు, తెర ఆరిపోతుంది. పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించిన కాగితాలు పట్టుకున్నాను. అంతకుముందు ఒంటరిగా గదిలో గొంతెత్తి చదువుకున్నాను, ఏ వాక్యం దగ్గర గొంతు పూడుకుపోతున్నదో అప్పుడే తెలిసింది. అక్కడ వాక్యాన్ని చిన్నది చేసి, కాగితం మీద ఆగాలని గుర్తు పెట్టుకున్నాను. రెండో ప్రతిని చిన్నబావ చేతికిచ్చి, నేను చదవలేకపోతే అందుకొమ్మని చెప్పాను. అంత అవసరం రాలేదు గాని, అతను పక్కన నిలబడి ఉన్నాడన్న ధైర్యంతోనే చివరిదాకా చదవగలిగాను.

సభ ముగిశాక భోజనాల దగ్గర జనం నా చుట్టూ చేరి సవరణలు చెప్పారు. శుభలేఖ ఆవిడ మళ్లీ వచ్చి, తన తండ్రిని లేపింది మామయ్య కాదనీ, కుక్క అరుపులకు ఆయనే లేచి లాంతరు పట్టుకుని బయటికి వచ్చారనీ సరిదిద్దింది. ప్రెస్సులో ట్రెడిల్ మిషను తొక్కినాయన ఒకరు, మిషను ఆపినందుకు ఆ రాత్రి యజమాని మామయ్య మీద కేకలేశాడనీ, మామయ్య మారు మాట్లాడకుండా సైకిలు తీశారనీ చెప్పాడు. ఇవన్నీ ఆ రాత్రే కాగితాల్లో చేర్చాను. సంవత్సరీకం నాటికి నోటు పుస్తకంలో ఉన్నవన్నీ కలిపి చిన్న పుస్తకంగా వేద్దామని డీటీపీ కుర్రవాడు అంటున్నాడు. ప్రూఫులు అత్తయ్య చూస్తుంది. మామయ్య ఇంటికి తెచ్చుకున్న ప్రూఫులను రాత్రిపూట మూలప్రతితో కలిపి చదివి ఆమెకు ఆ పని ఎప్పటి నుంచో వచ్చునని నాకు ఈ మధ్యనే తెలిసింది.